చెడ్డ కబురు ఎలా చెప్పాలి

“తలుపు దగ్గరే నిలబడి చెప్తావా? పోస్టుమాన్ నయం, ఉత్తరం చేతికిచ్చి మొహం చూసి వెళ్తాడు. మళ్లీ బయటికెళ్లి రా” అంది హెడ్‌సిస్టరు.

కుర్ర డాక్టరు బుద్ధిగా బయటికి వెళ్లి, మళ్లీ లోపలికి వచ్చాడు.

వార్డు చివర నర్సుల గది అది. ఓ బల్ల, రెండు కుర్చీలు, మందుల బీరువా, గోడకి డ్యూటీల చార్టు. ఏడాదిగా అతనికి అదే బడి. ఆ ఆసుపత్రిలో కొత్త డాక్టర్లు పనిచేస్తూనే పని నేర్చుకోవాలి. నేర్చుకున్న ఒక్కో పనికీ, దగ్గరుండి చూసిన సీనియర్లు లాగ్‌బుక్కులో సంతకం పెట్టాలి. కుట్లు వేయడానికి పడింది, రక్తం ఎక్కించడానికి పడింది. ఒక్క గడి మాత్రం ఖాళీగా మిగిలిపోయింది. రోగికి చెడ్డ కబురు చెప్పడం.

ఊరికే మిగల్లేదు. నెల కిందట ఒకాయన రిపోర్టు వస్తే ఇతను గుమ్మంలో నిలబడి, కాగితంలోకి చూస్తూ, నోరు తిరగని రోగం పేరు ఒకటి గడగడా చదివేసి చక్కాపోయాడు. ఆయన భార్య ఉన్నచోటే నేల మీద కూలబడింది. ఆమెను లేపి కూర్చోబెట్టి మంచినీళ్లు పట్టించింది హెడ్‌సిస్టరే. ఆ తర్వాత గంటసేపు ఇతన్ని ఉతికి ఆరేసిందీ ఆవిడే. ఆ ఇల్లాలి మొహం అతనికి ఇప్పటికీ కళ్ల ముందునుంచి పోలేదు.

ముప్ఫై ఏళ్ల సర్వీసు హెడ్‌సిస్టరుది. పెద్ద డాక్టర్లు సైతం ఆవిడ ముందు గొంతు తగ్గించే మాట్లాడతారు. పోయిన వారం మెడ దగ్గర చిన్న గడ్డ తీయించుకుని, మర్నాడే ప్లాస్టరుతో డ్యూటీకి వచ్చేసిన రకం. ఏమైందని ఎవరైనా అడిగితే, “మిమ్మల్ని తిట్టాలనుకుని మింగేసిన మాటలన్నీ గడ్డకట్టాయి” అనేది.

“ఇవాళ నిజంగానే చెప్పాలి సిస్టర్. పెద్ద డాక్టరుగారు నన్నే చెప్పమన్నారు” అన్నాడు అతను, కోటు జేబులోని కవరు తడుముకుంటూ. “మళ్లీ పాడుచేస్తానేమోనని భయంగా ఉంది. పొద్దుట్నుంచి ముద్ద దిగలేదు.”

“ఎవరికి చెప్పాలి?”

“యాభై దాటిన ఆవిడ.”

“మనిషి ఎలాంటిది?”

“గట్టి మనిషి. నోరు అంతకన్నా గట్టిది. చుట్టూ తిప్పి మాట్లాడితే ఊరుకోదు.”

“అయితే సగం పని తేలికే. నేనే ఆవిణ్ణనుకో. కానీ.”

అతను బల్లకి అవతల కూర్చున్నాడు.

“మధ్యలో ఆ బల్లేంటి? నన్ను ఇంటర్వ్యూ చేస్తున్నావా? కుర్చీ ఇటు లాక్కో. ఇంకా. మోకాలికీ మోకాలికీ జానెడు దూరం ఉండాలి. ఊఁ. ఫోను కట్టెయ్.”

అతను ఫోను కట్టేశాడు. సరిగ్గా అప్పుడే ఆవిడది మోగింది. చూసి, “మా చెల్లెలు. ఉన్నట్టుండి సాయంత్రం దిగుతోందట. ఏం కొంప మునిగిందో!” అని తనదీ కట్టేసింది.

“సరే, ముందేం అడుగుతావు?”

“ఎలా ఉన్నారు అని...”

“ఎలా ఉంటుంది? ప్రాణం అరచేతిలో పెట్టుకుని ఉంటుంది. తనకి ఎంతవరకు తెలుసో అడుగు. తెలిసిన చోటినుంచి మొదలెడితే నీతోపాటు నడిచొస్తుంది. లేదంటే జుట్టు పట్టుకుని ఈడ్చినట్టుంటుంది.”

అతను అడిగాడు. ఆవిడ రోగిలాగే బెరుగ్గా జవాబిచ్చింది.

“రిపోర్టు వచ్చిందమ్మా. మనం కోరుకున్నట్టు లేదు. అది క్యాన్సర్” అని, వెంటనే వైద్యం సంగతి ఎత్తుకోబోయాడు.

ఆవిడ వేలు పైకెత్తింది. “ఆ మాట అన్నాక నోరు మూసుకో. ఏడిస్తే ఏడవనీ, తిడితే తిట్టనీ. నీకు ఇబ్బందిగా ఉందని పాఠం అప్పజెప్పకు.”

బయట వార్డులో తోపుడుబండి చక్రం కిర్రుమంటూ వెళ్లింది. అప్పుడు ఆవిడ గొంతు మార్చి అడిగింది.

“నేను పోతానా డాక్టరుగారూ?”

అతను కుర్చీలో ముందుకి వంగాడు. “నాకు తెలియదమ్మా. తొందరగానే కనిపెట్టాం, మంచి వైద్యం ఉంది. ఏ రోజూ మిమ్మల్ని ఒంటరిగా వదలను.”

చెప్తూండగానే అతని కళ్లు తడయ్యాయి. ఆవిడ సంతోషంగా తలాడించింది.

“ఇదిగో, ఇప్పుడయ్యావు డాక్టరువి. కళ్లలో నీళ్లొస్తే రానీ, తప్పులేదు. కాకపోతే నిన్ను ఓదార్చే పని ఆవిడ నెత్తిన పెట్టకు. తోడెవరైనా ఉన్నారా?”

“ఉన్నారు సిస్టర్. సాయంత్రానికి వచ్చేస్తారు.”

“మంచి పని చేశావు. ఏదీ, పుస్తకం ఇలా తే.”

అతను కుర్చీ యథాస్థానంలో పెట్టి లాగ్‌బుక్కు అందించాడు. ఆవిడ కళ్లజోడు సవరించుకుని, ఖాళీ గడిలో తీరిగ్గా సంతకం చేసి, కింద తేదీ వేసింది.

“ఇంక వెళ్లు బాబూ. పాపం ఆవిణ్ణి ఎక్కువసేపు ఎదురుచూడనివ్వకు.”

అతను తలుపు దాకా వెళ్లాడు. దగ్గరగా వేసి, గడియ పెట్టి వెనక్కి వచ్చాడు.

“మళ్లీ ఏంటి? పాసు చేశాగా!” అని నవ్వింది ఆవిడ.

అతను నవ్వలేదు. మోకాలికీ మోకాలికీ జానెడు దూరం మిగిలేదాకా కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చున్నాడు.

“సిస్టర్, మీ మెడ దగ్గర తీసిన గడ్డ గురించి మీకు ఎంతవరకు తెలుసు?”