ముప్పయ్యో గద్ద

"లేవయ్యా, అది వెర్నా రాయి."

కొత్తాయన లేచి పక్కరాయి మీద కూర్చోబోయాడు.

"అది మా ఆవిడది. పోయి ఆరేళ్లయింది. అయినా ఆవిడదే," అన్నాడు లామార్ కిస్లర్.

ఆ గట్టు మీద మంచి రాళ్లన్నిటికీ సొంతదార్లున్నారు. ఆయన నేల మీద కూలబడ్డాడు.

పెన్సిల్వేనియాలో ఆ గట్టు మీదుగా చలికి దక్షిణం పోయే డేగల్నీ గద్దల్నీ కిస్లర్ పాతికేళ్లుగా లెక్కపెడుతున్నాడు. ఈ ఏడు గట్టుకే ముప్పొచ్చింది. పొడవునా గాలిమరలు పాతుతారట. సీజన్లో కనీసం ముప్పై బంగారు గద్దలు ఈ గట్టు మీదుగా పోతే మాత్రం పాతకూడదు. కిస్లర్ కాగితంలో ఎన్నుంటే అన్నే లెక్క.

ఇవాళ ఆఖరి రోజు. కాగితంలో ఇరవై తొమ్మిది.

"చేతిలో బైనాక్యులర్స్ కూడా లేవు. గాలిమరల కంపెనీ మనిషే," అంది వెర్నా. అతనితో పాటు లెక్కపెట్టేది ఆమె ఒక్కతే. "దొంగలెక్క రాయించి పట్టించడానికొచ్చాడు."

"నా దగ్గర ఆ పప్పులుడకవు."

మూడింటికి కొత్తాయన లేచి నిలబడ్డాడు.

"ఉత్తరాన, రెండో కొండ మీద. బంగారు గద్ద."

వెర్నా బైనాక్యులర్స్ ఎత్తబోతే కిస్లర్ ఆమె చెయ్యి దించేశాడు.

"చూడకు. మనం ఎగబడితే నవ్వుకుందామని కూర్చున్నాడు."

"ఇటే వస్తోంది సార్. ఒక్కసారి తలెత్తండి."

"నువ్వు చూశావుగా. నీ అరచేతిలో రాసుకో."

"నేను చూస్తే చెల్లదు సార్. మీరు చూడాలి."

"ముందా కళ్లద్దాలు తుడుచుకో నాయనా."

వెర్నా పడీపడీ నవ్వింది. కిస్లర్ ఉత్తరానికి వీపు పెట్టి ఫ్లాస్కులోంచి కాఫీ వంపుకున్నాడు.

ఒక పెద్ద నీడ అతని ఒళ్లో ఉన్న కాగితం మీదుగా జారిపోయింది. అయినా తలెత్తలేదు. పంతం.

వెర్నా చూసేసరికి అది ఎండలో కలిసిపోయింది.

"ఏదో పెద్దదే, లామార్."

"రాబందై ఉంటుంది."

కొత్తాయన కొండ దిగిపోయాడు.

నాలుగింటికి కిస్లర్ లెక్క ముగించాడు. ఇరవై తొమ్మిది.

"ఒక్కదానితో పోయింది. కానీ మచ్చ లేని లెక్క," అన్నాడు.

మూడు వారాలకు విచారణ జరిగింది. హాలు వెనక వరసలో కూర్చున్న కిస్లర్‌కి, తల వంచుకుని అతని కాగితాన్నే చదువుతున్న అధికారి ముఖం కనబడలేదు.

"ఇరవై తొమ్మిదేనా? మార్పేమీ లేదా?"

"లేదు సార్," అన్నాడు కిస్లర్ గర్వంగా.

గాలిమరల అనుమతి మీద సంతకం పెట్టి, తలెత్తి, కళ్లద్దాలు తీసి నెమ్మదిగా తుడుచుకున్నాడు, ఆ రోజు గట్టు మీద కూర్చోడానికి రాయి దొరకనాయన.