ఎస్తర్ బామ్మ చదువు

“ఇదేం అక్షరం?” అడిగింది శ్రావ్య.

విజయేంద్ర కళ్ళు చికిలించాడు. అక్షరం కనిపిస్తోంది. ఏమిటో తెలియడం లేదు. స్ట్రోక్ ఆయనకి చూపుని, మాటని వదిలేసి చదువుని ఎత్తుకుపోయింది. డబ్లిన్ పక్కన లీక్స్‌లిప్ ఊళ్ళో కంప్యూటర్ చిప్‌ల ఫ్యాక్టరీలో పెద్ద ఇంజనీరుగా చేసిన మనిషి, పాల డబ్బా మీద పేరు చదవలేడు.

“వేలితో దిద్దాలి. తొందరేం లేదు.”

ఆయన దిద్దాడు. “ఆర్,” అన్నాడు సంబరంగా. ఆమె నవ్వలేదు.

ఆయన భార్య జయశ్రీ టీ తెచ్చింది. “వారమంతా ఆఫీసు, ఆదివారం ఈ చాకిరీ. నువ్వు కాబట్టి ఓపిక పడుతున్నావమ్మా.”

తనుండే సిటీవెస్ట్ నుంచి రెండు బస్సులు మారి శ్రావ్య వస్తున్నది జాలితో కాదు. ఆయన్ని ఏ వరసా పెట్టి పిలవడం లేదని కూడా ఆ దంపతులు గమనించలేదు.

వేలితో దిద్దించడం ఎస్తర్ బామ్మ పద్ధతి. ఎస్తర్ యూదుల ఆవిడ. పెళ్ళయినప్పట్నుంచీ లీక్స్‌లిప్‌లోనే, ఒకే అద్దె ఇంట్లో ఉండేది. బడిలో చదవడం రాక వెనకబడ్డ పిల్లలంతా సాయంత్రాలు ఆవిడ ముందు గదిలోనే. అమ్మా నాన్నా ఉద్యోగాల్లో మునిగిపోతే, అదే వీధిలో ఉండే శ్రావ్య కూడా అక్కడే చదవడం నేర్చుకుంది. యూదుల విశ్రాంతి దినానికి ముందు, శుక్రవారం పొద్దుగూకే వేళకి బల్లమీద కొవ్వొత్తులు వెలిగేవి. జడలా అల్లిన రొట్టె వచ్చేది. కూతురు నయోమి, మనవలు ఎక్కడున్నా హాజరు కావాల్సిందే. రాకపోతే బామ్మ ఊరుకునేది కాదు. శ్రావ్యకీ ఆ బల్ల దగ్గర ఓ కుర్చీ ఉండేది.

తర్వాత ఫ్యాక్టరీ పెరిగింది. కొత్త ఇంజనీర్లు దిగారు. అద్దెలు రెండింతలయ్యాయి. విజయేంద్ర ఏజెంటు ద్వారా ఆ ఇల్లు కొన్నాడు. ఎస్తర్‌ని ఖాళీ చేయించి, గదుల లెక్కన కుర్రాళ్ళకి ఇచ్చాడు. ఆవిడ వృద్ధాశ్రమంలో ఒక గదికి చేరింది. అక్కడ బల్ల పట్టలేదు. కొవ్వొత్తులు వెలిగించనివ్వలేదు. చలికాలం దాటకుండానే పోయింది.

అప్పుడు శ్రావ్య దూరంగా గాల్వేలో చదువుతోంది. ఇల్లు కొన్నదెవరో అంత్యక్రియలయ్యాక తెలిసింది. నిలదీద్దామని బయల్దేరేలోపు ఆయనకి స్ట్రోక్ వచ్చింది. అందరూ అయ్యో పాపం అన్నారు. ఆ జాలి చూసి శ్రావ్యకి ఒళ్ళు మండింది. చదువు నేర్పుతాను, ముందు చదవాల్సింది చదివిస్తాను అనుకుంది. నేర్పాల్సిన మాటలు ఏరి పెట్టుకుంది. తల్లి. అమ్మమ్మ. చదవడం. నేర్పింది.

యూదుల ఆచారం ప్రకారం, పోయిన ఏడాదికి సమాధి రాయి మీద గుడ్డ తీసే రోజు వచ్చింది. అలా తిరిగొద్దామని ఆయన కారులోనే ఎక్కించి, ఆయన్ని డబ్లిన్ శ్మశానానికి తీసుకెళ్ళింది. బామ్మ కుటుంబమంతా సమాధి మీద ఉంచడానికి గులకరాళ్ళు పట్టుకుని నిలబడి ఉంది. శ్రావ్య ఆయన్ని సరాసరి రాయి ముందుకి నడిపించింది.

“చదవాలి. పైకి.”

వేలు రాతిమీద కదిలింది. “ఎస్తర్.” ఆయన ఆగాడు. “తల్లి. అమ్మమ్మ. మాకు... చదవడం... నేర్పింది.” మొహం పాలిపోయింది. “పోదాం శ్రావ్యా,” అన్నాడు లోగొంతుతో.

“బామ్మని ఇల్లు ఖాళీ చేయించింది ఈయనే,” అంది శ్రావ్య, అందరికీ వినపడేలా.

ఆయన తల వాలిపోయింది. ఆమె దాన్ని కళ్ళారా చూసింది.

నయోమి చేతిలోని గులకరాయి సమాధి మీద పెట్టింది. “పోనీలే. జబ్బు మనిషి. ఏజెంటు ఎవరో ముసలావిడ ఉందని చెప్పుంటాడు. మా అమ్మ ఎవరో ఈయనకేం తెలుసు?”

“బాగా తెలుసు నయోమీ, ఆవిడ చదువు చెప్పింది ఈయన సొంత కూతురికి. ఆ కూతుర్ని నేనే.”