జెస్సికా ముసలి గొంతు

నంద్యాల రికార్డుల అంగట్లో పొద్దంతా ఊరి పిల్లల పాటలే. చీకటిపడి అందరూ పోయినాక, అంగడి సంజీవయ్య, "నీ కూతురి పాట రికార్డు చేసినా, విను అక్కా," అని టేపు తిప్పినాడు.

పాట జెస్సికాదే. తల్లి చెవికి మాత్రం ఆ గొంతు ముసలిది.

"ఎంత లేత గొంతక్కా!" అని మురిసినాడు సంజీవయ్య.

పిల్లకు ఎప్పుడేమైతాదోనని వణికే జీవమ్మకు అది కలలో జోలలాగా వినపడింది. బిడ్డ ముసలిదయ్యేదాకా బతుకుతాదన్నమాట!

పాటయినాక ఆ ముసలి గొంతే నిదానంగా చెప్పింది: "ఇది మాయమ్మ నేర్పిన పాట. అంగట్లో పాడిన ఆ రాత్రే, ఆళ్లగడ్డ బస్సులో మాయమ్మ చనిపోయింది. నేను మిగిలినా."

బయట హారన్ మోగింది.

"మా, ఆళ్లగడ్డ బస్సొచ్చింది! ఏం చేస్తాండావ్ ఆడ? బేగా రా!" వాకిట్లోంచి జెస్సికా అరిచింది.

ఎక్కితే బిడ్డ బతికేది ఖాయం. ఎక్కకుంటే ఏమైతాదో!

జీవమ్మ చెప్పులేసుకుంది.