మూడో మాస్కు

రెండో మాస్కు కూడా తెల్లారేసరికి మంచం కింద పడి ఉంది.

"నా వల్ల కాదే," అన్నాడు డ్రైవరు తల పట్టుకుని. "పెట్టుకున్న పది నిమిషాలకే ఎవరో మొహం మీద దిండు అదిమినట్టు ఉంటోంది. నిద్రలో నాకు తెలీకుండానే పీకి పారేస్తున్నాను."

భార్య గోడ మీది క్యాలెండరు వంక చూసింది. స్కూలువాళ్లు ఇచ్చిన నలభై రోజుల్లో పది అయిపోయాయి. ఇక మిగిలినవి సరిగ్గా ముప్పై.

అతను స్కూలు బస్సు నడుపుతాడు. పదకొండేళ్లలో బస్సుకి ఒక్క గీత పడనివ్వని మనిషి. కిందటి నెలలో ఎర్ర లైటు పడితే బస్సాపి, స్టీరింగు మీద తల వాల్చి నిద్రపోయాడు. పచ్చ లైటు వచ్చింది, పోయింది, మళ్లీ వచ్చింది. వెనకాల ఒకటే హారన్లు. బస్సులో పిల్లలంతా పడీ పడీ నవ్వారు. అదే బస్సులో ఉన్న అతని కూతురు మాత్రం నవ్వలేదు. వచ్చి, నాన్న చొక్కా పట్టుకుని లాగింది.

పరీక్ష చేయిస్తే, నిద్రలో గంటకి నలభైసార్లు ఊపిరి ఆగుతోందని తేలింది. రాత్రంతా పడుకున్నా పడుకోనట్టే. ముక్కుకి మాస్కు తగిలించుకుని, మిషను తోసే గాలి పీలుస్తూ పడుకోవాలన్నాడు డాక్టరు. ఆ మిషన్లో ఓ కార్డు ఉంటుంది. ఏ రాత్రి ఎన్ని గంటలు వాడారో అది రాసి పెట్టుకుంటుంది. వరసగా ముప్పై రాత్రులు, రాత్రికి నాలుగు గంటలకి తగ్గకుండా వాడినట్టు కార్డు చూపిస్తేనే మళ్లీ బస్సు ఇస్తామన్నాడు స్కూలు మేనేజరు. లేదంటే వేరే డ్రైవరు వచ్చేస్తాడు. డ్రైవరు పిల్ల కాబట్టే ఆ స్కూల్లో కూతురికి సీటు దొరికింది. ఉద్యోగంతోపాటు అదీ పోతుంది.

"ఇంకో మాస్కు చూద్దాం, రండి," అంది భార్య.

"నేను రాను. ఆ షాపు గుమ్మం చూస్తేనే ఊపిరాడ్డం లేదు నాకు."

ఆమెకి ఏడుపు ముంచుకొచ్చింది. కూర్చుని ఏడవడానికి టైము లేదు. చెప్పులేసుకుని ఒక్కతే బయల్దేరింది.

మాస్కుల షాపాయన ఆమెని చూస్తూనే కుర్చీ జరిపాడు. "ఏంటమ్మా, రెండోదీ కుదర్లేదా? ఆయనేరీ?"

"రానన్నారండీ. మాస్కు పేరెత్తితే మండిపడుతున్నారు."

"మనిషి లేకుండా మాస్కెలా ఇస్తానమ్మా? ముక్కు కొలవాలి, పట్టీ బిగువు చూడాలి, గాలి ఎక్కడ కారుతోందో చెవి పెట్టి వినాలి."

"నాకు పెట్టి చూడండి. మా ఇద్దరివీ ఒకే రకం ముక్కులు. కొత్తవాళ్లయితే మీరు అన్నాచెల్లెళ్లా అనడుగుతారు."

షాపాయన పకపకా నవ్వాడు. ఆమె నవ్వలేదు.

"అన్నయ్యగారూ, ఈ రాత్రి నుంచి ఒక్కరోజు తప్పినా మా సంసారం రోడ్డున పడుతుంది. మీ కాళ్లు పట్టుకుంటాను."

పాపం, ఆయన నవ్వు మధ్యలోనే ఆగిపోయింది. లేచి అల్మారా తెరిచాడు.

షాపులో ఓ మూల మంచం ఉంది. దాని మీద పడుకోబెట్టి, మిషను పెట్టి, ఒక్కొక్కటే తగిలించాడు. ఒకటి ముక్కు దూలం మీద ఒరుసుకుంది. ఒకటి పక్కకి తిరిగితే జారింది. ఇంకోదాని గాలి తిన్నగా కంట్లోకి కొట్టింది. గంటన్నర గడిచింది. ఆయన చొక్కా చెమటకి తడిసింది గానీ విసుక్కోలేదు. చివరికి ఓ చిన్నది తీశాడు. ముక్కుపుటాల దగ్గర రెండు మెత్తటి బుడిపెలు, తల చుట్టూ సన్నటి పట్టీ, అంతే. ఆమె అటు తిరిగింది, ఇటు తిరిగింది, కళ్లు మూసుకుంది. నిద్రపోయిందేమో అనుకున్నాడాయన.

"ఇది ఇవ్వండి," అంది లేచి. "పెట్టుకున్నట్టే లేదు."

"మరి ఆయనకి నచ్చకపోతే?"

"అది నేను చూసుకుంటాను."

ఆ రాత్రి మిషను తెల్లవార్లూ ఆగలేదు. ఆ మర్నాడూ అంతే. ఆమె రోజూ పొద్దున్నే లేచి క్యాలెండరులో ఓ తేదీ కొట్టేసేది. పద్దెనిమిదో రోజు సాయంత్రం కరెంటు పోయింది. పడుకునే వేళకి వచ్చేదాకా దేవుళ్లందరికీ పేరుపేరునా మొక్కుకుంది. డ్రైవరు మాత్రం భార్య మొహం చూడకుండా తిని లేచిపోయేవాడు.

ముప్పై ఒకటో రోజున ఇద్దరూ ఆస్పత్రికి వెళ్లారు. వరండాలో కూర్చున్న డ్రైవరు తల వాలుస్తుంటే ఆమె మోచేత్తో పొడిచింది. "టెన్షనండీ, నిద్ర లేదు," అని పక్కన ఉన్న నర్సుకి చెప్పింది.

డాక్టరు కార్డు పెట్టి చూశాడు. కళ్లజోడు సర్దుకుని మళ్లీ చూశాడు.

"శభాష్! ఒక్క రాత్రి కూడా తప్పలేదు. రోజూ ఏడు గంటలు. ఊపిరి ఆగడం దాదాపు లేనే లేదు. మాస్కుతో ఇబ్బందేమైనా ఉందా?"

డ్రైవరు నేల చూపులు చూశాడు.

"మొదట్లో ముక్కు కాస్త ఒరుసుకుందండీ. తర్వాత అలవాటైపోయింది," అంది భార్య.

"ఈ గొప్పంతా మీదేనమ్మా," అంటూ డాక్టరు ఉత్తరం రాసి సంతకం పెట్టాడు. ఆమె అక్కడే, ఆయన ముందే, భోరుమని ఏడ్చేసింది.

ఆ మధ్యాహ్నమే మేనేజరు బస్సు తాళాలు తిరిగిచ్చాడు.

మర్నాడు పొద్దున పిల్లలంతా కేరింతలు కొడుతూ అతని బస్సెక్కుతుంటే, ముప్పై రాత్రులూ ఆ మాస్కు తన మొహానికి తగిలించుకుని పడుకున్న భార్య, కూతుర్ని మాత్రం బస్సెక్కనివ్వకుండా, చెయ్యి పట్టుకుని స్కూలుదాకా నడిపించుకుంటూ తీసుకెళ్లింది.