మోకాలడ్డు

"ఈ మంచానికి నెత్తురు తీసీసినారేటి?"

గుమ్మంలో నిలబడి అడిగిందామె. మనిషిని చూస్తూ కాదు, మంచాన్ని చూస్తూ.

జగన్నాధం సాలూరులో లారీ బ్రోకరు. నిన్ననే విజయనగరంలోని ఈ ఆసుపత్రిలో మోకాలు మార్పించుకున్నాడు. మోకాలు మారింది గాని నోరు మారలేదు.

"మంచానికి నెత్తురేటమ్మా? నల్లులు తాగింది కక్కిస్తారేటి?"

పక్కనున్న భార్య అసిరమ్మ ఫక్కున నవ్వింది. వచ్చినామె నవ్వలేదు.

"నీకేనయ్యా. ఆపరేషనైన మర్నాడు తీస్తారు. తీసినారా?"

"నువ్వెవులు?"

"గున్నమ్మంటారు."

అంతే చెప్పింది. వంగి, నలిగిన దుప్పటి కొసని సరిచేసింది, తన ఇంట్లో మంచమైనట్టు.

ఇంతలో నర్సు రేఖ సూదీ సీసాలూ పట్టుకుని వచ్చింది.

జగన్నాధం చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. "ఆపరేషన్‌కి ముందు బోలెడు తీసీసినారు కదా! బండికి బేరింగు మారిస్తే మళ్ళీ ఇంజనాయిలు సూస్తామేటి? ఇది రక్తపరీక్షా, రొక్కపరీక్షా?"

"అందరికీ తీసేదేనండి. డాక్టరుగారు రాశారు."

"అందరికీ తియ్యి. నాకొద్దు. రేపు సూద్దాం."

రేఖ వెనుదిరగబోయింది. గున్నమ్మ గుమ్మానికి అడ్డం నిలబడింది.

"ఎల్లకమ్మా. తీసీ."

ఆపరేషను అతని మోకాలికి. మోకాలడ్డింది మాత్రం ఆమె.

"ఓలమ్మో! ఈవిడ మనకేటవుద్ది?" అంది అసిరమ్మ.

"రక్తసంబంధం!" వార్డంతా వినబడేలా అరిచాడు జగన్నాధం. "సీసాకింతని ల్యాబోళ్ళిచ్చే కమీషను! ఇన్నేళ్ళు కమీషను మీద బతికినోణ్ణి, సాటి బ్రోకర్ని పోల్చుకోలేనా? నాది లారీ లోడు, ఈవిడది సీసా లోడు!"

"అయ్యో, ఆవిడ..." అంటూ రేఖ ఏదో చెప్పబోయింది. ఆ కేకల్లో ఎవరికీ వినబడలేదు.

గున్నమ్మ వచ్చి అతని మణికట్టు పట్టుకుంది. ఆ చెయ్యి చల్లగా ఉంది.

"నానెవులైతే ఏటి? ముందు నెత్తురియ్యి. ఆనక తిట్టు."

ఆమె చూపు అతని మీద లేదు. అతని తల పక్కన, దిండు మీద ఉంది. అక్కడ ఇంకెవరో పడుకున్నట్టు.

జగన్నాధం తనకి తెలియకుండానే కాస్త పక్కకి జరిగాడు.

"తీసీ తల్లీ, తీసీ. ఈ పీడ వదుల్తాది" అని చెయ్యి చాచాడు.

సీసా నిండేదాకా ఆమె రెప్ప వాల్చలేదు. నిండాక నిట్టూర్చింది.

సూది బయటికి రాగానే జగన్నాధానికి నోరు తిరిగొచ్చింది. గేటు కాపలా ఎర్రన్నని పిలిపించాడు.

"ఈ బ్రోకరమ్మ మళ్ళీ లోపలికొచ్చిందంటే నీ ఉద్యోగం ఊడిపోద్ది!"

గున్నమ్మ తలవంచుకుని వెళ్ళిపోయింది.

మధ్యాహ్నం డాక్టరు విశ్వనాథ్ గబగబా వచ్చాడు.

"ఒంట్లో ఎలా ఉందండీ?"

"గుర్రంలాగున్నాను బావూ. కాలొక్కటే గాడిదలాగ మొరాయిస్తంది."

డాక్టరు నవ్వలేదు.

"మీ రక్తంలో పొటాషియం బాగా పెరిగిపోయింది. అదో రకం ఉప్పు. కిడ్నీలు దాన్ని బయటికి పంపడం లేదు. పైకి నొప్పీ తెలీదు, నలతా తెలీదు. తెలిసేసరికి గుండె ఆగిపోతుంది."

"ఉప్పుకే... అంత ముప్పా?"

పాత అలవాటు కొద్దీ ప్రాస పడింది గాని, ఈసారి ఎవరూ నవ్వలేదు. అతనూ నవ్వలేదు.

"చాలామందికి ఈ పరీక్షలో ఏమీ దొరకదు. మీలా షుగరూ బీపీ ఉన్నవాళ్ళలోనే ఎక్కువగా దొరుకుతుంది. ఇవాళ తియ్యకపోతే ఏమయ్యేదో నేను చెప్పలేను."

ఇంజెక్షన్లు, సెలైన్లు, గుండె మిషను. సాయంత్రానికి గండం గడిచింది.

మర్నాడు తెల్లారగానే జగన్నాధం ఎర్రన్నని పిలిచాడు. "ఆ గున్నమ్మని ఓపాలి తీసుకురా నాయినా. దండమెట్టుకోవాలి."

"మీరేగా బావూ తోలీమన్నారు! తోలీసినాను. 'కమీషనుకొచ్చినాననుకుంటన్నారు, ఇంక రాను' అనీసి ఎల్లిపోనాది."

"ఊరేటి?"

"నానడగనేదు."

జగన్నాధం దిండు వైపు చూశాడు. దాని మీద తల పెట్టబుద్ధి కాలేదు.

సెలైను సరిచేస్తున్న రేఖని గొంతు తగ్గించి అడిగాడు. జీవితంలో అంత నెమ్మదిగా అతను మాట్లాడటం అదే మొదలు.

"ఏ ల్యాబు మనిషమ్మా ఆవిడ?"

"ఏ ల్యాబూ కాదండీ" అంది రేఖ. "మొన్న వానాకాలంలో మోకాలు మార్పించుకుని ఇదే మంచం మీద పోయారే ఒకాయన, ఆయనకి రక్తం తియ్యడానికి నేనొస్తే, శుక్రవారం పూట ఇంటి నెత్తురు బయటికియ్యకూడదని గుమ్మంలోంచే నన్ను తిప్పి పంపేసిన భార్య ఆవిడే."