కుళాయి దగ్గర గొడవ

"నీ బిందెకి నోరుంటే నీకంటే అదే ఎక్కువ మాట్లాడేది! ఏమే నర్సమ్మా, నీళ్ళు పొర్లిపోతుంటే గుడ్లప్పగించి చూస్తావేం? ఆ నడుం చూడు, గాలికి ఊగే రెల్లుదుబ్బు! రాత్రి తిన్నావా? తినలేదు, నాకు తెలుసు. ఎవరికోసం దాచావట?"

తెల్లారిందో లేదో పక్కింటి పెద్దమ్మ అందుకుంది. కాలనీ ఆస్పత్రికి బదిలీ మీద వచ్చి ఈవిడ పక్క వాటాలో దిగినప్పటినుంచీ నర్సుకి ఇదే మేలుకొలుపు. ఎదురుగా డ్యామ్ నీళ్ళు కంటికి ఆనినంత మేర ఉన్నాయి. ఆ నీళ్ళకి ఊళ్ళు అప్పగించి వచ్చినవాళ్ళకి మాత్రం కుళాయి పొద్దున్న కాసేపే. ఆ కాసేపూ కుళాయి కంటే పెద్దమ్మ నోరే ధారగా వచ్చేది. పెద్దావిడ, పోనీలే అని నర్సు ఏనాడూ ఎదురు చెప్పలేదు. కానీ ఇవాళ కష్టమైన కాన్పు చేయించి, ఒళ్ళు హూనమై వచ్చింది.

"చాలు ఆపు పెద్దమ్మా! నోరా అది? నన్ను అనడానికి నువ్వెవరు? నాకేమైనా అమ్మవా, అత్తవా?"

పెద్దమ్మ తెరిచిన నోరు తెరిచినట్టే ఉండిపోయింది. తిరిగి ఒక్క మాటైనా అంటే నర్సుకి కాస్త తేలికపడేది. అనలేదు. నిండిన బిందె అక్కడే వదిలేసి, ఇంట్లోకి వెళ్ళి తలుపేసుకుంది.

మర్నాడు కుళాయి దగ్గరకి రాలేదు. ఆ తర్వాత కూడా రాలేదు. బీపీ మాత్రలకి సైతం ఆస్పత్రి గడప తొక్కలేదు. నర్సు బిందె నింపి గుమ్మంలో పెడితే అది పెట్టినచోటే ఉంది. వండి తీసుకెళ్ళిన గిన్నె మూతైనా తీయకుండా తిరిగొచ్చింది. ఇక లాభం లేదని తలుపు తట్టింది.

"తప్పయింది పెద్దమ్మా. నీకు దండం పెడతాను, ఒక్కసారి తిట్టు."

"నేనెవర్నమ్మా నిన్ను అనడానికి?" తలుపు సందులోంచి సన్నగా వినిపించింది. అది ఆవిడ గొంతేనా అని నర్సుకి అనుమానమొచ్చింది.

తిన్నావా అని అడిగే దిక్కు ఈ ఊళ్ళో తనకి ఆ ఒక్క నోరే. దాన్నీ చేజేతులా మూయించేసింది.

సంగతి విని పాలతను పెద్దగా నవ్వాడు. "ఆవిడ గొడవ కొత్తదా అమ్మా? మాది నదికి ఇవతలి ఒడ్డు. అవతలి బావి దగ్గర ఆవిడకీ పక్కింటావిడకీ పడే గొడవ మా ఒడ్డుకి వినిపిస్తేగానీ మాకు తెల్లారేది కాదు. డ్యామొచ్చి రెండూళ్ళూ మునిగాయి. చీట్లు తీసి ఇళ్ళు ఇచ్చారు. వాళ్ళ వీధి వీధంతా అవతలి కాలనీకి పోయింది. ఈవిడ చీటీ ఒక్కటే ఇటు పడింది."

"ఆ పక్కింటావిడ ఉందా?"

"ఆ, గుండ్రాయిలా ఉంది."

పిల్లలకి టీకాలు వేసే పని ఎలాగూ ఉంది కదా అని నర్సు అవతలి కాలనీకి బస్సెక్కింది. ఒకప్పుడు ఆ ఇద్దరికీ మధ్య పిట్టగోడే అడ్డం. ఇప్పుడు డ్యామ్ అడ్డం. గోడవతలి మనిషిని చూడాలంటే కొండంతా చుట్టి రావాలి.

టీకాల పని ముగించి, వాళ్ళనీ వీళ్ళనీ అడిగి ఇల్లు పట్టుకుంది. బొద్దుగా ఉన్న ముసలావిడ మెట్టు మీద కూర్చుని డ్యామ్ వైపు చూస్తోంది. "పాపం, పలకరిస్తేగానీ పలకదు" అని దారిలో ఎవరో చెప్పారు. నర్సు పక్కనే కూర్చుని సంగతంతా చెప్పింది.

"ఊళ్ళో అన్నేళ్ళు ఆవిడతో వేగావు కదా పెద్దమ్మా. పోట్లాడుకున్నాక మళ్ళీ ఎలా కలిసేవాళ్ళు? ఏం చెప్తే కరుగుతుంది? నేను ఒక్క మాటంటే అన్నం మానేసి కూర్చుంది."

ముసలావిడ ఉలిక్కిపడి చూసింది. "అది తిట్టిందా? నిన్నా?"

"మామూలు తిట్లా? నా బిందెకి నోరుంటే..."

"...నీకంటే అదే ఎక్కువ మాట్లాడేది అందా?"

"అదే! ఇంకా నా నడుం..."

"గాలికి ఊగే రెల్లుదుబ్బు." ముసలావిడ పకపకా నవ్వడం మొదలుపెట్టింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. ఎంత తుడిచినా ఆ కళ్ళు ఆరలేదు.

"అయితే నిన్నూ ఇవే తిట్లు తిట్టేదన్నమాట!" అంది నర్సు, తోడు దొరికిన సంబరంతో.

"అది నన్నెప్పుడు తిట్టిందే పిచ్చిపిల్లా? దానికి నోట్లో నాలుకే లేదు. బిందె పట్టుకుని ముసిముసిగా నవ్వుతూ నిలబడేది. ఆ తిట్లన్నీ నేను దాన్ని తిట్టినవి."