పెద్రో గారి గ్రౌండు

తాడు లాగగానే గుడ్డ జారి కింద పడింది. బోర్డు మీది అక్షరాలు చూసి విలేఖరి పాపారావు చేతిలోని తాడు వదలడం మరిచిపోయాడు.

'పెద్రో గారి గ్రౌండు.'

చప్పట్లు మోగాయి. పసుపు చొక్కాలు తొడుక్కున్న ఫుట్‌బాల్ కుర్రాళ్ళు ఈలలు వేశారు.

"ఎలా ఉందండీ పేరు?" అన్నాడు క్లబ్బు ప్రెసిడెంటు ఆదినారాయణ, పాపారావు మెడలో దండ వేస్తూ.

"ఈ పేరు... ఎందుకండీ?"

"భలేవారే! రాసింది మీరు, ఎందుకని మమ్మల్నడుగుతారేంటండీ?"

ఆదినారాయణ జేబులోంచి లామినేషన్ చేయించిన పేపరు ముక్క తీశాడు. నెలన్నర క్రితం, మే నెలలో ఆదివారం పేజీలో పాపారావు రాసిన వ్యాసం అది. స్పెయిన్‌లో విల్లారియల్ అని ఓ చిన్న ఊరు. జనాభా యాభై వేలు, అంటే మన అమలాపురమంత. ఆ ఊరి ఫుట్‌బాల్ జట్టు తొంభై ఎనిమిదిలో మొట్టమొదటిసారి పెద్ద లీగులో అడుగుపెట్టి, ఎనిమిదేళ్ళు తిరక్కుండానే యూరప్ మొత్తం మీద జరిగే పోటీలో సెమీ ఫైనల్ దాకా వెళ్ళింది. అంతవరకూ నిజమే.

ఆదినారాయణ ఆఖరి పేరా పైకి చదివాడు. "ఒకప్పుడు ఆ ఊరి పిల్లలకు ఆడుకోవడానికి జాగా లేకపోతే, పెద్రో అనే రైతు కాపు మీదున్న తన నారింజ తోట నరికించి గ్రౌండు చేసి ఇచ్చాడు. ఈ విజయానికి పునాది ఆ తోటలోనే పడింది." చదివి, పేపరు ముక్కను కళ్ళకద్దుకున్నాడు. "మా కుర్రాళ్ళకిది కంఠతా వచ్చండి. దీని పుణ్యమా అని మన ఊళ్ళోనూ ఇరవై రెండు కొబ్బరి చెట్లు నేలకొరిగేయండి. అన్నీ కాపు మీదున్నవే!"

అటువైపు గోల్‌పోస్టు వెనక మొదళ్ళు తవ్వి తీసిన గోతులు ఇంకా పూర్తిగా పూడలేదు. పాపారావుకు మెడలో దండ గుచ్చుకుంది. పెద్రో అనేవాడు ఏ ఊళ్ళోనూ లేడని ఆ జనంలో తెలిసినవాడు తనొక్కడే.

మైకు చేతికిచ్చారు. చెప్పేద్దామనే లేచాడు.

"ఆ పెద్రో..." అన్నాడు.

పేరు వినగానే జనం ఒక్కసారిగా చప్పట్లు కొట్టారు. ముందు వరసలో ఓ ముసలావిడ చేతులెత్తి దణ్ణం పెట్టింది. పాపారావు ఆమె మీంచి చూపు తిప్పుకున్నాడు.

"పెద్రో గారు ఇవాళ ఇక్కడుంటే... ఎంత సంతోషించేవారో!" అని కూర్చున్నాడు.

ఆట మొదలైంది. బంతి ఎటు పోతోందో అతనికి కనబడలేదు. పావుగంట చూసి, పాపారావే ఆదినారాయణను మోచెయ్యి పట్టుకుని టెంటు వెనక్కి తీసుకెళ్ళాడు.

"ఒక్కమాటండీ. విన్నాక మీరు నన్ను కొట్టినా సరే."

"అయ్యయ్యో, అదేం మాటండీ!"

"పెద్రో లేడండీ."

"పోయేరాండీ? ఎప్పుడు?"

"పోవడం కాదండీ. అసలు పుట్టనే లేదు. పేజీలో పది లైన్లు తక్కువ పడ్డాయని ఆఫీసు నుంచి ఫోనొచ్చింది. అమలాపురంలో నెట్ సెంటర్లో కూర్చుని అప్పటికప్పుడు అల్లేశాను. ఆ ఊరి చుట్టూ నారింజ తోటలున్నాయి, అంతే. రైతూ, నరికించడం, పునాదీ... అన్నీ నా కల్పనే. ఎవరో చదివి చెట్లు కొట్టేస్తారని నేను కల్లో కూడా అనుకోలేదండీ."

తల ఎత్తలేక తన చెప్పులకేసి చూస్తూ నిలబడ్డాడు. ఆదినారాయణ ఎవరైనా విన్నారేమోనని అటూ ఇటూ చూశాడు.

"ఇంకెవరికైనా చెప్పేరాండీ?"

"లేదండీ."

"చెప్పకండి. ఆడుతున్నారు కదా, ఆడనివ్వండి. పేపరన్నాక పదీ పరకా కలవకుండా ఉంటాయేంటండీ!"

పాపారావుకు అప్పటికి ఊపిరాడింది. "మీది పెద్ద మనసండీ. ఇరవై రెండు చెట్లు పోగొట్టుకుని కూడా..."

"నేనా?" ఆదినారాయణ తెల్లబోయాడు. "అవి నా చెట్లు కావండీ బాబూ! నేనిచ్చింది ఈ పక్కన ఊరికే పడున్న మెరక నేల. చెట్లు సాలమోనువి. కూలి చేసుకునే మనిషి. అతనికి ఉన్నదల్లా ఆ ముప్పై సెంట్లే. మీరు రాసింది కూతురు చదివి వినిపిస్తే, మర్నాడు పొద్దున్నే గొడ్డలి పుచ్చుకొచ్చేడు." గొంతు తగ్గించాడు. "మేమూ వద్దనలేదు లెండి."

పాపారావు మెడలోంచి దండ తీసేశాడు. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక చేత్తో పట్టుకుని ఉండిపోయాడు.

"ఎక్కడున్నారండీ ఆయన?"

"అదిగో, మనకేసే వస్తున్నాడు."

ఉతికిన తెల్లచొక్కా, మోకాళ్ళ దాకా ఎగ్గట్టిన లుంగీ, యాభై దాటిన బక్కపల్చటి మనిషి. దగ్గరికొచ్చి లుంగీ కిందికి దించుకుని, రెండు చేతులూ జోడించాడు.

"వందనాలండీ. నేను సాలమోనునండీ. తమర్నో మాట అడగాలని పొద్దుట్నుంచీ చూస్తున్నానండీ."

పాపారావు కూడా చేతులు జోడించాడు.

"అమ్మాయి చేత మూడుసార్లు చదివించేనండీ. ఆ ఒక్క ముక్కా పేపర్లో ఎక్కడా లేదంటుందండీ. తమరికి తెలిసే ఉంటది కదా అని..."

"అడగండి," అన్నాడు పాపారావు అతి కష్టం మీద.

"చెట్లన్నీ కొట్టేసేక పెద్రో గారు దేని మీద బతికేరండీ?"